స్పానిషు భాషలో సంభావనార్థక క్రియ

ఒక్క యచ్చు మారినచో వాక్యార్థ మెంత మారునో స్పానిషు భాషవలన మనము చక్కగా దెలిసికొనవచ్చును. “దీసె కే కోమెస్” అనగా “నీవు తినుచున్నావని యతడు చెప్పుచున్నాడు.” “దీసె కే కోమాస్” అనగా “నిన్ను తినుమని యతడు చెప్పుచున్నాడు.” మొదటిది వార్త, రెండవది యాజ్ఞ. వైద్యుడు రోగిని తినుమని చెప్పగా, దుబాసి దానిని వార్తగా మార్చి చెప్పినచో కీడు వాటిల్లును గదా!

ఉన్న సంగతిని దెలుపు రూపము నిశ్చయార్థకము. కోరిక, ఆజ్ఞ, సందేహము మున్నగువానికి లోబడిన దానిని దెలుపునది సంభావనార్థకము.

స్పానిషు క్రియలు మూడు గణములు. ఆబ్లార్ (మాటలాడుట), కోమేర్ (తినుట), బిబీర్ (జీవించుట) అనునవి వానికి ఉదాహరణములు. వర్తమానమున “నేను” కర్తయైనపుడు ఇవి ఆబ్లో, కోమో, బీబో అని యగును. కడపటి ఓకారమును దీసివేసి, మొదటి గణమునకు ఎకారమును, తక్కిన రెంటికి ఆకారమును జేర్పవలెను. నేను, నీవు, అతడు, మేము, మీరు, వారు అను వరుసను రూపములివి:

ఆబ్లె, ఆబ్లెస్, ఆబ్లె, ఆబ్లేమోస్, ఆబ్లెయిస్, ఆబ్లెన్.

కోమా, కోమాస్, కోమా, కోమామోస్, కోమాయిస్, కోమాన్.

బీబా, బీబాస్, బీబా, బిబామోస్, బిబాయిస్, బీబాన్.

ఇక ప్రయోగము. “కియేరో ఆబ్లార్” అనగా “మాటలాడ గోరుచున్నాను.” కోరువాడును మాటలాడువాడును ఒక్కడే గనుక నిచట సంభావనార్థకము రాదు. “కియేరో కే ఆబ్లెస్” అనగా “నీవు మాటలాడవలెనని కోరుచున్నాను.” ఇచట కర్తలిద్దరు, కావున వచ్చినది. “అతడిచట నివసించుచున్నాడని నమ్ముచున్నాను” అనుటకు “క్రేఓ కే బీబె అకీ” అందురు. నమ్మననుచో “నో క్రేఓ కే బీబా అకీ” అనవలెను. వలదని నీవను వానితో జెప్పునపుడును ఈ రూపమే: “నో ఆబ్లెస్”, మాటలాడకుము.

“ఒహలా” అను పదము వెంట నెల్లప్పుడు నీ రూపమే వచ్చును. ఆ పదము అరబ్బీ భాషనుండి వచ్చినది. దైవసంకల్పమును గోరుట దాని మూలార్థము. స్పెయిను దేశమున 711 మొదలు 1492 వఱకు ముసల్మానుల రాజ్యములుండుటచే నిట్టి పదములు పెక్కులు నిలిచినవి. “ఒహలా కోమాన్” అనగా “వారు తిందురు గాక!”

విద్యార్థులారా, మన ప్రార్థనలందలి “గాక” యను మాటను దలచుకొనుడు. కోరినదానిని జరిగినట్లు పలుకకుండుట యందలి వినయమే ఈ రూపమునందును గలదు.