ఊపిరితిత్తులు – ధూళి

కమ్మరి కొలిమికి గాలి ఊదు తోలుసంచిని మన పెద్దలు తిత్తి అనిరి. రొమ్ములో గాలిని పీల్చి విడుచు అవయవములకు ఊపిరితిత్తులను పేరు ఆ మాటతోనే ఏర్పడినది. నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భిలాయిలో 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఎంత పెద్ద కొలిమియైనను గాలి ఊదనిదే మండదు. దానివద్ద పనిచేయు మనుష్యునికిని గాలియే ఆధారము. ఆ ఉక్కునగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారును, ధూళిలో పనిచేయు ఇతరులును తమ ఊపిరి మార్గమును గూర్చి తెలిసికొనుట అవసరము.

ఈ మార్గమునకు మొదటి కావలి ముక్కు. లోనికి వచ్చిన గాలి ఇచట వెచ్చబడి తేమ పొందును; ముతక ధూళి వెండ్రుకలకును, తడిపొరకును అంటుకొనును. పిదప గాలి స్వరపేటికను దాటి, 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవుగల వాయునాళమును చేరును. లాడము ఆకారముగల మృదులాస్థులు ఆ గొట్టము అణగిపోకుండ నిలుపును. వాయునాళము రెండుగా చీలి, చెట్టుకొమ్మలవలె సుమారు 23 మారులు శాఖలై, తుదకు వాయుకోశములలో అంతమగును.

రెండవ కావలి ఈ నాళముల లోపలి జిగురుపొర. దానిలో చిక్కిన ధూళిని సూక్ష్మరోమములు ఎడతెగక గొంతువైపు నెట్టుచుండును. అదియే కళ్ళెగా బయటపడును. బీడీ, సిగరెట్టు పొగ ఈ రోమములను చెరచును.

వాయుకోశములు 30 కోట్లకు తక్కువ కావు. వాని గోడలను పరచినచో సుమారు 70 చదరపు మీటర్లగును. అచట గాలికిని రక్తమునకును నడుమనున్న పొర మిల్లీమీటరులో వేయవ వంతుకన్న పలుచన. ప్రాణవాయువు దానిగుండనే రక్తములో చేరును. ఇంత సుకుమారమైన ఈ చోట సూక్ష్మరోమములు లేవు. కంటికి కనబడని ధూళి ఇచటికి చేరగలదు. దానిని మ్రింగు కణములు కొన్ని కలవు. కాని సిలికా ధూళి ఆ కణములనే చంపును. పిమ్మట అచట మచ్చలు కట్టి, ఊపిరితిత్తి బిగిసిపోవును. ఇదియే సిలికోసిస్. దీనికి తోడు క్షయవ్యాధియు సులభముగా సోకును. 1948 నాటి కర్మాగారముల చట్టము, ప్రభుత్వమునకు విధిగా తెలుపవలసిన వ్యాధులలో దీనిని చేర్చినది.

కోకు బట్టీలకు వాడు సిలికా ఇటుకలను కోయునపుడును, పోతపనిలో ఇసుకను దులుపునపుడును ఇట్టి ధూళి లేచును. కనుక నీటితో తడిపి పనిచేయవలెను. తలగుడ్డ చెంగు ముక్కుకు కట్టుకొనుట చాలదు. సన్నని ధూళిని ఆపుటకై చేసిన ముసుగును ముఖమునకు బిగువుగా ధరింపవలెను. వ్యాధి తొలిదశలో బాధ తెలియదు. దగ్గు లేదని రొమ్ము ఎక్స్‌రే పరీక్షను మానరాదు.

కమ్మరి తిత్తి చినిగినచో క్రొత్త తోలు కుట్టవచ్చును. మచ్చకట్టిన ఊపిరితిత్తిని మరల మునుపటివలె చేయు మందు లేదు. దానిని ముందుగా కాపాడుకొనుటయే మార్గము.