మోటారు సైకిలులోని నూనె టాపెట్లు

మా ముప్కాల్ గ్రామము నాగపురము, హైదరాబాదుల నడుమ సాగు 44వ జాతీయ రహదారి చెంతనున్నది. మా విద్యార్థుల తండ్రులలో అనేకులు మోటారు సైకిళ్లపైననే ఆర్మూరునకును, నిజామాబాదు పసుపు మార్కెట్టునకును పోయి వచ్చుచుందురు. ఇంజనులో టిక్కుటిక్కుమను చప్పుడు వినబడిన తోడనే "టాపెట్లు పోయినవి, మార్చుడు" అని చెప్పువారు దారి పొడుగునను గలరు. ఈ మాటను నమ్మి సొమ్ము వెచ్చింపకమునుపు టాపెట్టనగా నేమో తెలిసికొనుట మేలు.

ఇంజను హెడ్డులో వాల్వులుండును. కొన్ని పెట్రోలు కలిసిన గాలిని లోనికి రానిచ్చును. కొన్ని కాలిన పొగను వెలుపలికి పంపును. బుల్లెట్టు వంటి బండ్లలో వీనిని తెరపించు కామ్ షాఫ్టు క్రింద నుండును. దాని మిట్ట టాపెట్టును పైకి నెట్టును. టాపెట్టు పుష్ రాడ్డును, పుష్ రాడ్డు రాకరును నెట్టును. బావిమీది ఏతమును చూచినవారికి రాకరును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఒక కొన లేవగా రెండవ కొన దిగి వాల్వును తెరచును.

ఇందొక చిక్కు గలదు. లోహము వేడికి సాగును. ఈ భాగముల నడుమ ఏ మాత్రము సందులేనిచో వాల్వు పూర్తిగ మూసికొనక కాలిపోవును, సందెక్కువైనచో చప్పుడగును. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ యేర్పడిన పిమ్మట మన దేశమున పేరుగాంచిన పాత బుల్లెట్టులో ఈ సందును చేతితోనే సరిచేయవలసి యుండెను. చల్లారిన ఇంజను కుడిప్రక్కనున్న చిన్న మూతను విప్పి, స్పానర్లతో సరిపుచ్చి, పుష్ రాడ్డును వ్రేళ్లతో త్రిప్పి చూచెడివారు. అది సులువుగ తిరుగవలెను గాని పైకి క్రిందికి ఆడరాదు. ఈ పని నేర్చినవానికి ఊరిలో గొప్ప మర్యాద యుండెడిది.

నూనె టాపెట్టు ఈ శ్రమను తప్పించినది. దాని లోపల ఒక ప్లంజరు, స్ప్రింగు, చిన్న గోలీ వాల్వు ఉండును. ఇంజను నూనె లోనికి చేరి, ఎంత సందున్నదో అంత మేరకు ప్లంజరును పైకి లేపును. కామ్ నెట్టునపుడు గోలీ దారిని మూయును. మూతబడిన నూనె నలగదు గనుక అది ఇనుపముక్కవలె గట్టిగ నిలుచును. అమెరికాలో హార్లే డేవిడ్సన్ వారు 1948లో దీనిని పుష్ రాడ్డు పైకొనను అమర్చిరి; అంత యెత్తునకు నూనె తగిన ఒత్తిడితో చేరుట కష్టమగుటచే 1953లో క్రిందికి దింపిరి. మన దేశమున 2009లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ బండ్లలో ఇట్టి టాపెట్లే యుండెను. 2021లో క్రొత్త ఇంజనుతో వచ్చిన క్లాసిక్‌లో ఇవి లేవు. కావున ముందుగ మీ బండి ఏ కాలపుదో చూచుకొనుడు.

రాత్రియంతయు నిలిచిన బండి ఉదయమున కొన్ని క్షణములు టిక్కుమనుట రోగము కాదు. జారిపోయిన నూనె తిరిగి చేరువరకే ఆ చప్పుడు. ఇంజను వేడెక్కినను ఆగనిచో మొదట నూనెను సందేహింపవలెను. మా బండికి అట్టి చప్పుడు వచ్చినపుడు మెకానికు మమ్ము అడిగినది ఒక్కటే ప్రశ్న: "నూనె యెప్పుడు మార్చితిరి?" మేము జవాబు చెప్పలేకపోతిమి. నూనెను, ఫిల్టరును మార్చినను చప్పుడు తగ్గలేదు. విప్పి చూడగా మురికి చేరి ఒక టాపెట్టు ప్లంజరు బిగుసుకొని యుండెను.

మార్చు విధము చెప్పెదము. పెట్రోలు ట్యాంకును, ప్లగ్గును తీసి, రెండు వాల్వులును మూసియున్న స్థితిలో పిస్టన్‌ను పైకొనకు తేవలెను. రాకర్ల బోల్టులను ఒక్కసారిగ గాక కొంచెము కొంచెముగ వదులు చేయవలెను. పుష్ రాడ్లలో ఏది ఏ వాల్వుదో గుర్తు పెట్టుకొని తీయవలెను. అవి వంగినవో లేవో అద్దముపై దొర్లించి చూచినచో తెలియును. కామ్ మిట్ట గుంటలు పడియున్న యెడల దానిని గూడ మార్చుట తప్పదు; లేనిచో క్రొత్త టాపెట్టును అది త్వరలోనే అరగదీయును. క్రొత్త టాపెట్లను పరుండబెట్టక, శుభ్రమైన ఇంజను నూనెలో నిలువుగ ముంచి యుంచవలెను. విప్పినచోట క్రొత్త గ్యాస్కెట్లనే వేయవలెను.

బిగించిన వెంటనే ఇంజనును త్రిప్పరాదు. నూనెతో నిండిన టాపెట్టు వాల్వును కొంత తెరచియే యుంచును. ఎక్కువైన నూనె మెల్లగ జారి వాల్వు మూతపడువరకు ఓపిక పట్టవలెను. పిమ్మట ప్లగ్గు లేకుండగనే, పెద్ద గేరులో వెనుక చక్రమును చేతితో నెమ్మదిగ త్రిప్పి చూడవలెను. ఎచ్చటనైన అడ్డు తగిలినచో బలము చూపరాదు.

మెకానికు ఈ మాట చెప్పియే టీ త్రాగబోయెను. మాకు మొదటి గంటకు బడి చేరవలెనను తొందర. ప్లగ్గు బిగించి స్టార్టరు నొక్కితిమి. టక్కుమని ఒక్క చప్పుడుతో ఇంజను ఆగెను. పుష్ రాడ్డొకటి వంగెను, మరల అంతయు విప్పవలసి వచ్చెను. ఆ రాడ్డు ఇప్పటికిని మా బల్లసొరుగులో నున్నది. చూడగోరు విద్యార్థులు మధ్యాహ్నపు విరామమున రావచ్చును.