కరెంటు పోయినా పాల లెక్క పోరాదు

1891లో స్విట్జర్లాండుకు చెందిన గెర్బర్ కనిపెట్టిన వెన్న పరీక్షకు ఆమ్లం, గాజు బ్యుటైరోమీటరు, చేతితో తిప్పే సెంట్రిఫ్యూజి వాడేవారు. కరెంటుతో పని లేదు. లెక్క పుస్తకంలో భద్రంగా ఉండేది. నేడు చాలా సంఘాలలో తూకం, పరీక్ష, చీటీ అన్నీ ఒక చిన్న కంప్యూటరు మీదుగా నడుస్తున్నాయి. పని త్వరగా అవుతున్నది. కాని మధిర ప్రాంతంలో ఎండాకాలపు గాలివానకు సాయంత్రం పాల వేళ కరెంటు పోవడం మనకు కొత్త కాదు. అప్పుడు సభ్యుని లెక్క ఏమవుతుంది?

మెమరీ కార్డుపై పద్దు వ్రాస్తున్న క్షణంలో కరెంటు పోతే పద్దు సగంలో ఆగిపోతుంది. ఒక్కొక్కసారి ఏ లెక్క ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక కూడా చెడి, ఆ పూట లెక్కంతా చదవడానికి వీలుకాదు. పూర్తిగా పోయిన కరెంటు కంటే పోతూ వస్తూ ఉండే కరెంటు మరింత హాని చేస్తుంది. కావున సంఘాలు ఈ జాగ్రత్తలు పాటించాలి.

1. కంప్యూటరుకు, తూకానికి, పరీక్ష యంత్రానికి బ్యాటరీ ఆధారం ఉండాలి. నీళ్ల బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఛార్జి లేకుండా రోజుల తరబడి వదిలితే బ్యాటరీ పాడవుతుంది.

2. ముందు పద్దు భద్రపరచి, తరువాతే చీటీ అచ్చువేసే యంత్రం కావాలి. పని ముగిశాక స్విచ్చి లాగివేయక, కంప్యూటరును పద్ధతి ప్రకారం ఆపాలి.

3. నెట్‌వర్కు లేనప్పుడు పద్దులు యంత్రంలోనే నిలిచి, సిగ్నలు వచ్చాక వెళ్లాలి. ప్రతి పద్దుకు వరుస సంఖ్య ఉంటే, రెండుసార్లు పంపినా ఒక్కసారే జమ అవుతుంది.

4. గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ తప్పుతుంది. కొన్ని యంత్రాలలో 1970 జనవరి 1 అని కనబడుతుంది. అప్పుడు ఉదయం పాలు ఏవో, సాయంత్రం పాలు ఏవో తేలదు. పాలు పోయించుకునే ముందు తేదీ, పూట చూడాలి.

5. నెలకొకసారి, పాల వేళ కాని సమయంలో మెయిన్ స్విచ్చి ఆపి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. ఒక పూట సేకరణకు చాలకపోతే మార్చాలి.

యంత్రం మొరాయించిన పూట కార్యదర్శి రిజిస్టరులో వ్రాసి, సభ్యునికి చేతి చీటీ ఇవ్వాలి. సభ్యులు కూడా బిల్లు అందేవరకు చీటీలు దాచుకోవాలి. లీటర్లు, వెన్న శాతం, తేదీ సరిచూసుకోవాలి. యంత్రంలో లెక్క చెరిగినా, చేతిలోని చీటీ మన కష్టానికి సాక్ష్యంగా నిలుస్తుంది.