"ఎన్ని వికెట్లురా?" అని అడగకముందు

మా అబ్బాయికి పదమూడేళ్లు. ఎడమచేత్తో స్పిన్ వేస్తాడు. శనివారం మ్యాచ్ అయి కారెక్కగానే నేనడిగేది ఒకటే: "ఎన్ని వికెట్లురా?"

వాడి పిచ్చితోనే నేనూ మాంటీ పనేసర్ గురించి చదివాను. 1982లో లూటన్‌లో, పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టాడు. నార్తాంప్టన్‌షైర్ కౌంటీకి ఆడుతూనే లఫ్‌బరో యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివాడు. మన అమ్మలకి నచ్చే సంగతే! 2006లో నాగ్‌పూర్‌లో తొలి టెస్టు, తొలి వికెట్టే సచిన్. మొత్తం 50 టెస్టులు, 167 వికెట్లు.

తర్వాత ససెక్స్, ఎసెక్స్ కౌంటీలకీ ఆడాడు. ఆటలో ఉండగానే ఆందోళన, అనుమానం తనని కుంగదీశాయని ఆయనే దాచకుండా చెప్పాడు. అవేవీ స్కోరుకార్డులో కనపడవు కదా!

మన ఇళ్లల్లో పిల్లాడికి జ్వరమొస్తే పదిమందికి చెబుతాం. మనసు బాగోలేదంటే మాత్రం "నలుగురికీ తెలిస్తే ఎలా?" అంటాం.

పోయిన శనివారం మావాడు కారెక్కి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వికెట్ల సంగతి ఎత్తలేదు నేను. "ఎలా ఉన్నావు నాన్నా?" అన్నాను.

చాలాసేపటికి, "బంతి తీసుకుంటే చేతులు వణుకుతున్నాయమ్మా" అన్నాడు.

ఇల్లు వచ్చాక కూడా కారు దిగలేదు మేం. మాట్లాడుకుంటూనే ఉన్నాం. మీరూ ఈ వారం అలా ఒక్కసారి అడిగి చూడండి.