ఎండుటాకు ముందు కూర్చున్న చిత్రకారుడు

మొన్న అసర్ నమాజు ముగిసిన పిమ్మట, మా విద్యార్థి తండ్రి ఒకరు వచ్చి ఒక నోటు పుస్తకాన్ని మా ముందుంచారు. ఆయన పటాన్‌చెరులోని ఒక కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. పుస్తకం వెనుక పుటల నిండా వేపచెట్లు, రాతిగుట్టలు, కొల్లూరు చెరువుగట్టు. “మౌలానా సాబ్, వీడు పాఠం విడిచిపెట్టి ఇవి గీస్తున్నాడు. మాన్పించాలా, వద్దా?” అని అడిగారు. పిల్లవాడు తల వంచుకుని నిలబడ్డాడు.

ఇటువంటి ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. చిత్రలేఖనమే జీవనోపాధిగా గల ఒక వ్యక్తి హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చిన వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. ప్రాణుల రూపాలను కల్పించే వారి విషయంలో మహాప్రవక్త (స) చేసిన హెచ్చరికను విని అతని ముఖం పాలిపోయింది. అప్పుడు ఆ మహనీయుడు అతనికి చెట్ల వైపు, ప్రాణం లేని వస్తువుల వైపు దారి చూపారు. హెచ్చరికను దాచలేదు, బ్రతుకుతెరువునూ మూసివేయలేదు. 8వ శతాబ్ది ఆరంభంలో నిర్మితమైన డమాస్కస్ ఉమయ్యద్ మసీదు గోడలపై గాజు తునకలతో కూర్చిన వృక్షాలు, నది, భవనాలు నేటికీ కనిపిస్తాయి. వాటి నడుమ మనిషి లేడు, పశువు లేదు.

చెట్టూ నీరూ మాత్రమే మిగిలితే చిత్రకారునికి ఇక ఏముంటుందని కొందరి సందేహం. మన తెలంగాణకు చెందిన సూర్యప్రకాశ్ గారి చిత్రాలను చూసినవారికి ఆ సందేహం ఉండదు. ఆయన 1940లో మధిరలో జన్మించారు. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, ఢిల్లీలో ప్రసిద్ధ చిత్రకారుడు రామ్‌కుమార్ వద్ద శిక్షణ పొందారు. 2019లో కన్నుమూశారు. తొలినాళ్ళలో ఆయన పాడుబడిన మోటారు వాహనాలను, తుప్పుపట్టిన ఇనుమును చిత్రించారు. తుక్కు దుకాణాల నడుమ నివసించే మన ప్రాంతం వారికి అది కొత్త దృశ్యమేమీ కాదు! అటుపిమ్మట ఆయన చూపు ప్రకృతి వైపు మళ్ళింది. రాలిన ఎండుటాకులు, తామరకొలనులు ఆయన చిత్రాలకు వస్తువులయ్యాయి.

ఎండుటాకును గీయడం సులభమని తోస్తుంది. ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. అంచులు ముడుచుకుపోయినా ఈనెలు నిలిచి ఉంటాయి. గోధుమరంగు అనుకున్న చోట ఊదా, ఇటుకరంగు, బూడిదరంగు ఒక్కొక్కటే బయటపడతాయి. కొలను మరింత కఠినమైనది. నీటిపై తేలే ఆకు ఒకటి, నీటిలో ప్రతిఫలించే ఆకాశం మరొకటి, నీటి అడుగున ఉండే చీకటి ఇంకొకటి. ఈ మూడింటినీ ఒకే బట్టపై నిలపాలంటే చేయి కన్నా ముందు చూపు కుదురుకోవాలి. అందుకు గంటల మౌనం కావాలి.

ఆలి ఇమ్రాన్ సూరాలో విజ్ఞుల లక్షణాలుగా నిలుచుని, కూర్చుని, పడుకుని దైవాన్ని స్మరించడం, భూమ్యాకాశాల సృష్టిని గురించి యోచించడం ప్రస్తావించబడ్డాయి. జిక్ర్, ఫిక్ర్ రెండూ అక్కడ జంటగా వచ్చాయి. చిత్రకారుని ఏకాగ్రతను మేము ఆరాధన అనము. రెండింటినీ కలిపివేయడం సరికాదు. అయితే మన ఇళ్ళలో స్మరణ జపమాలపై వేగంగా సాగిపోతుండగా, యోచనకు మాత్రం కూర్చునే తీరిక ఉండటం లేదు. ఈ మాట మాకు కూడా వర్తిస్తుంది.

ఆ తండ్రితో, పాఠం వేళ పాఠమే చదవాలని, ఆ తరువాత చెట్లూ చెరువులూ గీసుకోనిమ్మని చెప్పాము. మరునాడు పిల్లవాణ్ణి చెరువుగట్టుకు తీసుకువెళ్ళాము. పుస్తకంలో నీటికి నిండు నీలం పూశాడు. “ఇక్కడ నీలం ఎక్కడుంది, బేటా?” అని అడిగాము. చాలాసేపు చూశాడు. “లేదు సాబ్. ఆకుపచ్చగా ఉంది, గట్టు దగ్గర నల్లగా ఉంది” అన్నాడు. కర్మాగారాల వ్యర్థజలాలతో నక్కవాగు చెడిపోయిన కథ పటాన్‌చెరు పెద్దలందరికీ తెలిసిందే. నీరు నీలంగానే ఉంటుందని నమ్మే కంటికి అది రంగు మారిన రోజు కనిపించదు.

వారం గడిచాక తండ్రే మళ్ళీ పుస్తకం తెచ్చారు. ఈసారి నీటిలో కొత్త బహుళ అంతస్తుల భవనాలు తలక్రిందులుగా వణుకుతున్నాయి. ఒక మూల ఒక్క ఎండుటాకు తేలుతోంది. ఆయన నైట్ డ్యూటీకి వెళ్తూ కూడా ఆ పుటను మూయలేదు. “రోజూ ఆ గట్టు మీదుగానే పోతాను, సాబ్. ఇది నేనెన్నడూ చూడలేదు” అన్నారు.