మంద దిగిన చోట మాటే హద్దురాయి

* కోవిల్‌పట్టి, విరుదునగర్ కరిసల్ సీమలో గొర్రెల మందల మర్యాద
* ముందొచ్చినోళ్లది చోటు.. నీళ్లు మాత్రం అందరివీ
* కరిగిపోతున్న మందబయళ్లు.. కష్టమవుతున్న కట్టుబాట్లు

కోవిల్‌పట్టి: ఆ నేలకు పట్టా లేదు. తడికలు పాతుకోమని ఎవరూ కాగితం రాసివ్వలేదు. అయినా ఈ రాత్రి అక్కడ దిగిన మంద ఎవరిదో, రేపు పొద్దున్నే ఎటు కదులుతుందో చుట్టుపక్కల కాపరులందరికీ ఎరుకే. విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న నల్లరేగడి నేలల్లో మందలవాళ్లు తరాలుగా ఇలాగే చోట్లు పంచుకుంటూ వస్తున్నారు.

తమిళులు ఈ సీమను ‘కరిసల్ కాడు’ అంటారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్లు, కమ్మవారు, రెడ్లు, అరుంధతీయులు ఇక్కడ పల్లెపల్లెకూ కనిపిస్తారు. తమిళ కోనార్లతో పాటు మనవాళ్లలోనూ పశువులను, గొర్రెలను నమ్ముకుని బతికిన కుటుంబాలు ఎన్నో. ఎర్రటి మచ్చలుండే తెల్ల గొర్రెకు ‘వెంబూరు’ అనే పేరొచ్చింది ఈ పక్కనున్న ఊరి వల్లనే.

పిలిచిన చోటు.. పిలవని చోటు

పగలంతా మేసిన గొర్రెలను రాత్రికి ఒకచోట చేర్చి, చుట్టూ తడికలు కట్టి పడుకోబెట్టడాన్ని తమిళంలో ‘కిడై’ అంటారు. మన పల్లెల్లో మంద కట్టడం అనే మాట ఉంది. రైతు చేనులో మంద కడితే ఆ రాత్రి రాలిన పెంటికలు, మూత్రం నేలకు బలం. గొర్రె, మేక పెంటికల్లో నత్రజని సుమారు 3 శాతం, మామూలు పశువుల ఎరువులో అర శాతం ఉంటుందని వ్యవసాయ శాస్త్రం చెబుతోంది. ఎరువును బండ్లకెత్తి మోసే పని లేదు. పొద్దున్నే మంద లేచాక పైపైన దున్నేస్తే సరి. అందుకే రైతు కాపరిని పిలిచి మరీ చేను చూపిస్తాడు, రాత్రికింతని డబ్బో గింజలో ఇస్తాడు.

పిలిచిన చోట పేచీ లేదు. చేను రైతుది, మంద కాపరిది, బేరం ఇద్దరిదీ. ఎవరూ పిలవని రాత్రి మంద ఎక్కడ దిగాలన్నదే అసలు ప్రశ్న. అప్పుడు కాపరికి దిక్కు ఊరి పొరంబోకు, ఎండిన చెరువు కడుపు, వాగు గట్టు, బాట పక్కన బీడు. అవి ఏ ఒక్కరివీ కావు కాబట్టే అక్కడ మర్యాద పని పడుతుంది.

ఇలాంటి నేలకు తెలుగులో పాత పేరొకటుంది.. మందబయలు. తమిళంలో అదే ‘మందైవెళి’. రెండు మాటలకూ అర్థం ఒకటే, ఊరి పశువులు నిలిచే ఆరుబయలు. చెన్నైలోని మందవెలి పేరు కూడా ఈ మాట నుంచే వచ్చిందంటారు. ఇవాళ అక్కడ బస్సులే నిలుస్తున్నాయి.

నాలుగు నెలల ఇరుకు

ఈ సీమకు వాన ఈశాన్య రుతుపవనాలతోనే. పురట్టాసిలో విత్తితే ఐప్పసి, కార్తిక మాసాల వానలకు పైరు లేస్తుంది. పత్తి, జొన్న, సజ్జ, మొక్కజొన్న, మినుము, పెసర. తై మాసం నుంచి కోతలు మొదలై, మాసి, పంగుని నాటికి చాలా చేలు ఖాళీ అవుతాయి. అప్పట్నుంచి మళ్లీ విత్తేదాకా మందలకు తిరుగులేదు. కోసిన చేలలో మోళ్లు, రాలిన ఆకు, గింజ దొరుకుతాయి.

చిక్కంతా పైరు నిలిచి ఉన్న నాలుగు నెలల్లోనే. పట్టా నేల మొత్తం పచ్చగా ఉంటుంది, అడుగు పెట్టడానికి లేదు. వేసవిలో మేపుకొన్న చెరువు కడుపులో అప్పటికి నీళ్లు చేరతాయి. మిగిలేది మందబయలు, గుట్ట వారలు, బాట అంచులు. ఉన్న కొద్దిపాటి మెట్ట జాగాలోకి అన్ని మందలూ ఒకేసారి చేరతాయి. మందబయలు విలువ తెలిసేది అప్పుడే. వేసవిలో వచ్చి చూసినవాళ్లకు అది వట్టి బీడులాగే కనిపిస్తుంది.

కట్టుబాటు ఇదీ..

మంద కదలక ముందే ఒకరు ముందుగా వెళ్లి చూసి వస్తారు. మేత ఎంతుంది, నీళ్లు ఎంత దూరం, పక్కన ఏ పైరుంది, అప్పటికే ఎవరైనా దిగారా.. ఇవన్నీ కనుక్కుంటారు. ఊరి పెద్దకు, పక్క చేల రైతులకు ఒక మాట చెప్పి పెడతారు. చెప్పకుండా దిగిన మందను ఊరు అనుమానంగా చూస్తుంది. చెప్పి దిగిన మంద వల్ల తప్పు జరిగినా సర్దుబాటుకు దారి ఉంటుంది.

చోటు ముందొచ్చినోళ్లది. వెనక వచ్చినోళ్లు మందను దూరంగా ఆపి, మనిషిని పంపి అడగాలి. గొర్రెలతో సహా వచ్చి పడితే అది అడగడం కింద లెక్క కాదు. అయితే ముందొచ్చినోళ్ల హక్కుకూ హద్దుంది. తడికలు ఎత్తి కదిలాక ఆ చోటు మళ్లీ అందరిదీ అవుతుంది. నిరుడు మేం ఇక్కడే దిగామని చెప్పుకోవచ్చు, దాన్ని చూసి ఇంకొకరు పక్కకు జరగనూ వచ్చు. పట్టుబట్టి లేపడానికి మాత్రం అది చాలదు.

రెండు మందలు పక్కపక్కన దిగాల్సి వస్తే కలిసిపోనంత ఎడం ఉండాలి. చీకట్లో కలిస్తే విడదీయడం తలనొప్పి. చెవి కోతలు, ఒంటి మీద రంగు గుర్తులు ఉండేది ఇందుకే. కలిసినా రాత్రే తగువు పెట్టుకోరు. తెల్లారాక ఇద్దరి ఎదుటా లెక్క చూసుకుని ఎవరివి వాళ్లు తోలుకుంటారు. తెలిసీ ఒక గొర్రెను దాచినవాడికి ఆ దారిలో ఇంకెక్కడా చోటు పుట్టదు.

అన్నిటికన్నా గట్టిది రోగం కట్టుబాటు. పారుడు రోగం, బొబ్బ రోగం ఒక మందలో ఉంటే పక్క మందకు అంటుకుంటాయి. వానాకాలంలో నీలి నాలుక రోగం చిన్న దోమల్లాంటి ఈగల ద్వారా పాకుతుంది. రోగమున్న మంద ఎడంగా ఆగాలి, ఉన్న సంగతి నోరు విప్పి చెప్పాలి. చెబితే తన గొర్రెకు ధర పడిపోతుంది, దిగడానికి చోటు దొరకదు. చెప్పకపోతే పక్కవాడి బతుకే పోతుంది. మర్యాద పేరుతో నడిచే వాటిలో కాపరికి అసలైన పరీక్ష ఇదే.

నీళ్లకు వేరే లెక్క

చోటుకు ముందు వెనకలు ఉన్నాయి గానీ నీళ్లు కాదనే హక్కు ఎవరికీ లేదు. ముందు దిగిన మంద ముందు తాగుతుంది, తాగి పక్కకు తొలగుతుంది. నీటి అంచున గొర్రెలను పడుకోబెట్టడం తప్పు. అలాగే ‘ఊరణి’లోకి మందను దింపకూడదు. అది మనుషులు తాగే నీటి గుంట. పశువులకు చెరువు, మనుషులకు ఊరణి.. ఈ తేడా తెలియని కాపరిని ఏ ఊరూ రెండోసారి రానివ్వదు.

చెట్టుకూ ఒక నీతి ఉంది. దోటితో కొమ్మ వంచి కాయలు రాల్చుకోవచ్చు, మానును మోడు చేయకూడదు. వెనక వచ్చే మందకు కూడా నీడ కావాలి, ఆకు కావాలి.

పైరు మీద పడితే..

ఎంత కాపలా కాసినా ఒక్కోసారి గొర్రెలు చేలో పడతాయి. పంట పాడైతే పెద్దమనుషులు వచ్చి చూసి నష్టం కడతారు. తేలకపోతే బందెలదొడ్డి. అందుకు 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఉంది.

ఈ విచారణ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే కి.రాజనారాయణన్ రాసిన ‘కిడై’ చదవాలి. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన ఆయన ఇంటి భాష తెలుగు, రాసింది తమిళంలో. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2021లో కన్నుమూశారు. గొర్రెలు పత్తి చేను మేసేశాయన్న ఫిర్యాదు, అవి ఎవరు కాస్తున్న గొర్రెలన్న ఆరా చుట్టూ ‘కిడై’ సాగుతుంది. 2003లో ‘ఒరుత్తి’ పేరుతో సినిమాగానూ వచ్చింది. కట్టుబాటు బరువంతా చివరికి బలం లేని ఆడపిల్ల మీద పడటం ఆ కథలోని నొప్పి.

కథ దాకా పోనక్కర్లేదు. మందల మర్యాద అందరికీ ఒకేలా ఉండదు. సొంత ఊరి మందకు దొరికే ఓర్పు పరాయి ఊరి మందకు దొరకదు. కులం తక్కువని చూసే చోట అడిగే గొంతుకూ విలువ తక్కువే. కూలికి కుదిరిన కాపరి పరిస్థితి మరీ కష్టం. కావేరి డెల్టా జిల్లాల్లో మందల దగ్గర వెట్టికి పెట్టిన పిల్లలను అధికారులు విడిపించిన సంఘటనలు ఉన్నాయి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఎక్కడ దిగాలో యజమాని ఫోన్‌లో చెబితే, ఎదుటి మందతో సర్దుకునే అధికారం లేని పిల్లాడు అక్కడ నిలబడతాడు. వాడికి మర్యాద తెలిసినా పాటించే వీలుండదు.

నేల ఉంటేనే కదా నీతి

దిగడానికి పది చోట్లుంటే ‘నువ్వు దిగు, నేను ముందుకు పోతా’ అనడం సులువు. ఒక్క చోటే ఉంటే ఆ మాట నోటికి రాదు. ఇప్పుడు జరుగుతున్నది ఇదే. పొరంబోకు నేలల వర్గం మార్చి కట్టడాలకు ఇస్తున్నారు. కొన్నిచోట్ల ఆక్రమణలు, కొన్నిచోట్ల గాలిమరలు, సౌర పలకలు. పక్కనే రామనాథపురం జిల్లా కముది దగ్గర 2016లో సుమారు 2,500 ఎకరాల్లో 648 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. మందలు దాటాల్సిన మదురై - కన్యాకుమారి రోడ్డు నాలుగు వరుసలైంది.

మిగిలిన బీళ్లను సర్కారు తుమ్మ కమ్మేసింది. దీన్ని తీసేయాలని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2017లో ఆదేశాలిచ్చింది. కాపరికి ఈ చెట్టు మిత్రుడూ శత్రువూ. కరువులో దాని కాయలే గొర్రెకు మేత. అవే గింజలు పెంటికలతో కలిసి రైతు చేలో మొలుస్తాయి. మంద కట్టించుకోవడానికి రైతు వెనకాడే కారణాల్లో ఇదొకటి.

పడమటి కొండల వైపు పోదామన్నా దారి ఇరుకైంది. శ్రీవిల్లిపుత్తూరు - మేఘమలై పులుల అభయారణ్యం 2021లో ఏర్పడింది. అడవుల్లో పశువుల మేతను నిషేధిస్తూ 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. అదే నెలలో దాన్ని సవరించి పులుల అభయారణ్యాలు, జాతీయ పార్కులు, వన్యప్రాణి సంరక్షణ కేంద్రాలకు పరిమితం చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మాత్రం సంచార పశుపోషకుల మేత హక్కును, రుతువును బట్టి అడవికి వచ్చే హక్కును గుర్తించింది. ఈ రెండింటి మధ్య కాపరి నలుగుతున్నాడు.

ఊరుమ్మడి నేలల విషయంలో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో, ఉమ్మడి నేలల్లోని ఆక్రమణలను తొలగించే పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చట్టం నేలను కాపాడగలదు. ఆ నేల మీద ఇద్దరు కాపరులు ఎలా సర్దుకోవాలో చట్టంలో ఉండదు, అది వాళ్ల మాట మీదే నడవాలి.

మన రాష్ట్రాల్లోనూ ఇదే గోడు

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, సుమారు 1.91 కోట్లు. తర్వాత ఆంధ్రప్రదేశ్, సుమారు 1.76 కోట్లు. తమిళనాడులో ఉన్నవి 45 లక్షలు. పాలమూరు, అనంతపురం మెట్టల నుంచి మందలతో వలసపోయే గొల్ల కురుమలకు కరిసల్ కాపరి కష్టం వేరే చెప్పక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూములు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. మందబయలు ఊరి లెక్కల్లో లేకపోతే ఆ ప్రకటన కాపరి తడిక దాకా రాదు.

ఊరు చేయగలిగింది..

* గ్రామ ‘ఎ-రిజిస్టర్’లో ఏ సర్వే నంబరు మేత పొరంబోకో, ఏది మందైవెళో రాసి ఉంటుంది. వివరాలు తమిళనాడు రెవెన్యూ శాఖ వెబ్‌సైట్‌లోనూ చూసుకోవచ్చు.

* తమిళనాడులో జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీల్లో గ్రామసభలు జరుగుతాయి. మేత నేల వర్గం మార్చే ప్రతిపాదన ఉంటే అక్కడ లేచి అడగొచ్చు.

* పైరు నిలిచి ఉండే కాలానికి ముందే, అంటే అక్టోబరు 2 సభలోనే, ఏ మందలు ఎక్కడ దిగాలి, నీళ్లకు ఏ దారిన పోవాలి అనేది కాపరులను కూర్చోబెట్టి మాట్లాడుకుంటే సగం తగాదాలు పుట్టవు.

* పారుడు రోగానికి టీకా ఉంది. మంద ఊళ్లోకి రాగానే పశువైద్యుడికి కబురు పెట్టడం ఊరికీ మేలు, పక్క మందకూ మేలు.