ముసలి గుర్రానికి వేసవిలో బొచ్చెందుకు?

చలికాలంలో పెరిగిన బొచ్చు ఎండలు ముదిరేసరికి రాలిపోవాలి. పదిహేనేళ్లు దాటిన కొన్ని గుర్రాలకు అది రాలదు, పైగా ఒత్తుగా, రింగులు తిరిగి పెరుగుతుంది. వెన్ను మీది కండ తరుగుతుంది, పొట్ట జారుతుంది. చూసేవాళ్లు వయసు మీద పడిందిలే అనుకుంటారు. చాలాసార్లు అది వయసొక్కటే కాదు, వైద్యం ఉన్న జబ్బు.

దాని పేరు పీపీఐడీ. వాడుకలో గుర్రాల కుషింగ్స్ అంటారు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి మధ్య భాగాన్ని హైపోథాలమస్ నుంచి వచ్చే నాడీకణాలు డోపమైన్ అనే రసాయనంతో కళ్లెం వేసి ఉంచుతాయి. వయసుతో ఆ కణాలు క్షీణిస్తే కళ్లెం వదులవుతుంది. ఏసీటీహెచ్ వంటి హార్మోన్లు అదుపు తప్పి రక్తంలో చేరతాయి. మనుషుల్లో పార్కిన్‌సన్స్‌లోనూ నశించేవి డోపమైన్ కణాలే, కాకపోతే మెదడులో చోటు వేరు. మందు కూడా అక్కడి నుంచే వచ్చింది. పార్కిన్‌సన్స్ రోగులకు ఇచ్చిన పెర్గొలైడ్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 2007లో అమెరికాలో మనుషుల మార్కెట్ నుంచి తీసేశారు. గుర్రాలకు మాత్రం నేటికీ అదే ప్రధాన ఔషధం. రోజూ వేయాలి, జీవితాంతం.

బొచ్చు కత్తిరిస్తే పోతుంది. భయపడాల్సింది గిట్టల గురించి. ఈ జబ్బున్న గుర్రాల్లో కొన్నింటికి ఇన్సులిన్ కూడా గతి తప్పుతుంది. మన షుగర్ జబ్బులా కాదు: గుర్రం క్లోమం అలసిపోవడం అరుదు, రక్తంలో గ్లూకోజు మామూలుగానే ఉండి ఇన్సులిన్ మాత్రం విపరీతంగా పెరుగుతుంది. ఆ ఇన్సులినే విషం. 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న పోనీలకు గ్లూకోజు స్థాయి మారకుండా చూస్తూ ఇన్సులిన్ ఎక్కిస్తే, మూడు రోజుల్లోపే లామినైటిస్ వచ్చింది. గిట్ట గోడకు లోపలి ఎముకను పట్టి ఉంచే పొరలు సాగిపోవడమే ఆ జబ్బు. ముదిరితే ఎముక కిందికి కుంగి, గుర్రం నిలబడలేదు. చివరికి ప్రాణం తీయాల్సి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. గిట్ట మీద అసహజమైన వలయాలను ముందుగా గమనించేది తరచు నాడాలు కొట్టే మనిషే.

మన దేశంలో ప్రేమే ఒక్కోసారి హాని చేస్తుంది. చిక్కిపోయిన ముసలి గుర్రానికి బలం రావాలని గుగ్గిళ్లు, బెల్లం ఎక్కువ పెడతారు. అరిగిన పళ్ల వల్ల చిక్కిందో, హార్మోన్ల వల్ల చిక్కిందో తేలకుండా పిండి పదార్థం, తీపి పెంచితే ఇన్సులిన్ ఇంకా ఎగబాకుతుంది. ముందు పళ్లు చూపించాలి, తర్వాత ఏసీటీహెచ్, ఇన్సులిన్ రెండూ పరీక్ష చేయించాలి. పగటి వెలుగు తగ్గే శరదృతువులో ఆరోగ్యమైన గుర్రంలోనూ ఏసీటీహెచ్ పెరుగుతుంది కాబట్టి ఫలితాన్ని నెల చూసి చదవాలి. ఇన్సులిన్ ఎక్కువని తేలితే ఎండుగడ్డిని నీళ్లలో నానబెట్టి పెట్టడం మంచిది, కొంత చక్కెర నీళ్లలోకి దిగిపోతుంది. పెర్గొలైడ్ మొదలుపెట్టిన కొత్తలో కొన్ని గుర్రాలు మేత ముట్టవు. అప్పుడు మాత్రను బెల్లం ముక్కలో దాచి పెట్టాలనిపిస్తుంది కానీ, డాక్టరును అడిగి మోతాదు తగ్గించి మళ్లీ మెల్లగా పెంచడమే పద్ధతి.